ఇసుక నుండి అంతర్జాలమునకు: తరగతిలో విద్యార్థి ప్రత్యుత్తరమును గూర్చిన చారిత్రక పరిశీలనము

1. ప్రస్తావన

పాఠము ముగించి ‘అర్థమైనదా?’ అని ఉపాధ్యాయుడు అడుగుటయు, విద్యార్థులు తలలూపుటయు మన కళాశాలలలో నిత్యానుభవము. ఆ తలయూపు అవగాహనకు గుర్తో, గురువునెడ మర్యాదకు గుర్తో, గంట ఎప్పుడు మ్రోగునా యను ఆత్రమునకు గుర్తో నిర్ణయించుట కష్టము. ముందు వరుసలోని ఇద్దరు ముగ్గురు సమాధానము చెప్పుదురు. ఉపాధ్యాయుడు దానినే తరగతి యంతటి సమాధానముగా గ్రహించి ముందునకు సాగును. తక్కినవారికి ఏమి తెలిసినదో, ఏమి తెలియలేదో పరీక్షాపత్రములు దిద్దునాడు గాని బయటపడదు. అప్పటికి ఆ పాఠము గడచిపోయి యుండును.

కోవిడ్ వ్యాధి కారణముగా 2020వ సంవత్సరమున విద్యాలయములు మూతపడిన నాటినుండి, ఈ చిక్కునకు ఆన్‌లైన్ సాధనములే పరిష్కారమని కొందరును, అవియే విద్యకు విఘాతమని కొందరును వాదించుచున్నారు. ఇరుపక్షములవారును ఇది నిన్నమొన్న పుట్టిన సమస్య యనియే తలచుచున్నట్లు కనబడును. కాని తరగతిలోని ప్రతి విద్యార్థిచేతను పని చేయించుట, వాని తప్పును వెంటనే కనుగొనుట, తోడి విద్యార్థిచేతనే దానిని దిద్దించుట అనునవి రెండు వందల యేండ్లకు పైబడిన చరిత్ర గల విషయములు. ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము తెలుగుదేశమునకు సంబంధించినది. దానిని ఆధారముగా గొని, సాధనములు మారినను మారని సూత్రమేదియో నిరూపించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

2. బళ్ళారి కలెక్టరు నివేదిక

మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో 1822వ సంవత్సరము జూన్ నెలలో రాజధానిలోని దేశీయ విద్యాస్థితిని గూర్చి విచారింపవలసినదిగా కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. వారు పంపిన లెక్కలను క్రోడీకరించి 1826 మార్చి 10వ తేదీన అతడు వ్రాసిన అధికారపత్రమున, రాజధాని మొత్తముమీద 12,498 పాఠశాలలును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు పేర్కొనెను. జిల్లాలనుండి వచ్చిన నివేదికలలో పలువురు కలెక్టర్లు అంకెలు మాత్రమే యిచ్చిరి. బోధనావిధానమును కన్నులకు గట్టినట్లు వర్ణించిన నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17వ తేదీన పంపినది అగ్రగణ్యము.

ఈ క్యాంబెల్ మనకు క్రొత్తవాడు కాడు. 1816లో ప్రకటితమైన తెలుగు వ్యాకరణమునకు కర్త ఇతడే. ద్రావిడభాషల స్వతంత్రతను నిరూపించిన ఎల్లిస్ లేఖనము ఆ వ్యాకరణమునకు పీఠికగా వెలువడిన సంగతి భాషాశాస్త్ర విద్యార్థులు ఎరిగినదే. భాష తెలిసిన అధికారి కావుననే అతని నివేదికకు విలువ హెచ్చు. నాటి బళ్ళారి జిల్లాలో, తరువాత 1882లో ప్రత్యేకమైన అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. జిల్లాలోని 533 పాఠశాలలలో 235 కన్నడమునకు, 226 తెలుగునకు సంబంధించినవి. ఇంగ్లీషు బడి ఒక్కటి మాత్రమే కలదు.

క్యాంబెల్ వర్ణించిన బడి మన తాతముత్తాతలు చదివిన వీధిబడియే. పిల్లవాడు అక్షరములను ముందు నోటితో వల్లించి తరువాత వ్రాయుట గాక, మొదటినుండియు నేలమీది ఇసుకలో వ్రేలితో దిద్దుచునే నేర్చుకొనెడివాడు. చేయి కుదిరిన పిదప తాటాకుమీద గంటముతోనో, కాగితముమీద కలముతోనో, పలకకు బదులుగా వాడు కడితముమీద బలపమువంటి దానితోనో వ్రాయు అర్హత లభించెడిది. పిల్లలు సామాన్యముగా నాలుగు తరగతులుగా నుండెడివారు. పై తరగతివారిని గురువు స్వయముగా చూచుకొనుచుండ, క్రింది తరగతులవారికి కొంతవరకు పెద్దపిల్లలే పాఠము చెప్పెడివారు. గురువు దృష్టి మాత్రము బడి యంతటిమీదను ఉండెడిది.

ఈ విధానమున క్యాంబెల్ రెండు గుణములు చూచెను. వ్రాత నేర్పుటకు ఖర్చు లేకపోవుట మొదటిది. ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పుచు తన విద్యను తానే గట్టిపరచుకొనుట రెండవది. ఇది మిక్కిలి ప్రశంసింపదగినదనియు, ఇంగ్లండులో దీనిని అనుకరించుట సముచితమే యనియు అతడు వ్రాసెను. అదే కలమున దోషమునుగూడ దాచలేదు. చదువు పుస్తకములు పద్యమయములు. వాని భాష వాడుకకు దూరము. అర్థము చెప్పగల గురువులు అరుదు. కావున బాలురు వందల పద్యములు అప్పజెప్పుచున్నను చిలుకకు తెలిసినదానికంటె వారికి తెలిసినది హెచ్చు కాదని అతని ఆక్షేపణ.

ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, ఈ వ్యాసమునకు మూలమైన విషయము తోచును. వ్రాతలో ప్రతి పిల్లవాని చేయియు కదలెను. తప్పు ఇసుకమీద కనబడెను. ప్రక్కవాడు దానిని దిద్దెను. కావున అది ఫలించెను. పద్యపాఠమున అందరి గొంతులు ఒక్కటై వినబడెను. ఎవనికేమి తెలిసినదో తెలియు మార్గము లేకపోయెను. కావున అది చిలుకపలుకయ్యెను. బడి యొకటియే, గురువు ఒక్కడే. భేద మంతయు విద్యార్థి ప్రత్యుత్తరము కంటబడుటలో నున్నది.

3. ఎగ్మూరు నుండి ఇంగ్లండునకు

క్యాంబెల్ ప్రస్తావించిన ఇంగ్లండు అనుకరణమునకు మూలము మద్రాసులోనే కలదు. 1789లో ఎగ్మూరునందలి సైనికుల అనాథబాలుర శరణాలయమునకు అధికారియైన ఆండ్రూ బెల్, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన బడిలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టదలచెను. క్రింది ఉపాధ్యాయులు అందుకు సమ్మతింపలేదు. అంతట అతడు జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునికి అక్షరాభ్యాసపు తరగతిని అప్పగించెను. పెద్దలు కాదన్న పని బాలుడు నెరవేర్చెను. బెల్ స్వదేశమునకు మరలి 1797లో ఈ ప్రయోగమును గ్రంథముగా ప్రకటించెను. మరుసటి యేడు జోసెఫ్ లాంకాస్టర్ లండను సదర్కులో ఇట్టి బడినే తెరచెను. ‘మద్రాసు పద్ధతి’ యను పేర ఇది ఇంగ్లండున వ్యాపించెను.

దీని తరువాతి చరిత్ర మనకు హెచ్చరిక వంటిది. ఒక్క ఉపాధ్యాయునితో వందలమందికి చదువు చెప్పించవచ్చునను పొదుపే అక్కడ ప్రధానాకర్షణ మయ్యెను. పిల్లవాడు పిల్లవానికి బోధపరచుట వెనుకబడి, ఆజ్ఞలు, వరుసలు, వల్లెవేత ముందునకు వచ్చెను. 1846లో ఇంగ్లండు ప్రభుత్వము వయసు మీరిన బాలురను జీతమిచ్చి ఉపాధ్యాయ శిష్యులుగా తీర్చు క్రొత్త ఏర్పాటు చేయుటతో పాత పద్ధతి క్షీణింపసాగెను. ఇచ్చట మాతృక స్థితి మరింత శోచనీయము. జిల్లాలో పది లక్షలకు చేరువైన జనులుండగా బడికి పోవువారు ఏడువేలైనను లేరనియు, నేతవృత్తి దెబ్బతిని ప్రజలు పేదలగుటచేత బడులు మూతపడుచున్నవనియు క్యాంబెల్ ఆనాడే వ్రాసెను. అనుకరణము అచ్చట ప్రసిద్ధికెక్కుచుండగా మూలము ఇచ్చట ఎండిపోవుచుండెను.

4. పలుకు యంత్రములు, వినని యంత్రములు

ఇరువదవ శతాబ్దమున విద్యకు తోడుగా వచ్చిన రేడియో, టెలివిజనులు గురువు గొంతును దూరమునకు మోసికొనిపోగలిగినవి. 1961లో ఢిల్లీ పాఠశాలలకు టెలివిజను పాఠములు ప్రారంభమైనవి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనాప్రయోగము తెలుగునాటికి ప్రత్యక్షముగా సంబంధించినది. అమెరికావారి ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ భాషలలో తెలుగు ఒకటి. ఉదయము బడిపిల్లలకై ఒక్కొక్క భాషలో ఇరువదిరెండున్నర నిమిషముల పాఠము వచ్చెడిది.

అక్షరాస్యత తక్కువగా నున్న పల్లెలకు ఆకాశమునుండి బొమ్మను దింపిన ఆ ప్రయత్నము ఘనతను తక్కువచేయరాదు. కాని అది ఒకవైపు త్రోవ. పెట్టె పలుకును, పిల్లవాడు వినును. పిల్లవాడు ప్రశ్నించినచో పెట్టె వినదు. పాఠము ముగిసిన పిదప గ్రామోపాధ్యాయుడు పిల్లలను అడిగి చెప్పించినగాని అది పాఠము కాజాలదు. ఈ లోపమును గుర్తించియే, 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ప్రయోగించిన ఎడ్యుశాట్ ఉపగ్రహమున, విద్యార్థులు తిరిగి ప్రశ్నించు సదుపాయము గల తరగతులకు కూడ వీలు కల్పించిరి. మోయుటకు మాత్రమే గాక వినుటకుగూడ యంత్రము కావలెనను ఎరుక అప్పటికి కలిగినది.

5. ప్రత్యుత్తరము గ్రహించు సాధనములు

ఆ ఎరుక అమెరికాలో అంతకు అర్ధశతాబ్ది ముందే పొడసూపెను. మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ 1953లో తన కుమార్తె చదువు గణితపు తరగతిని చూడబోయెను. లెక్క చేసిన బిడ్డకు అది ఒప్పో తప్పో అప్పుడే తెలియకపోవుటయు, వేగముగా చేయువాడును నిదానముగా చేయువాడును ఒకే నడక నడువవలసి వచ్చుటయు అతనికి లోపములుగా తోచెను. దానినుండి అతని బోధనాయంత్రములు పుట్టినవి. 1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ ఆధ్వర్యమున ప్లేటో అను కంప్యూటరు బోధనావ్యవస్థ వెలసెను. విద్యార్థి మీట నొక్కి సమాధానమియ్యగా యంత్రము వెంటనే దానిని పరిశీలించి పలుకుట ఇందలి విశేషము. అయినను ఇచ్చట విద్యార్థి యంత్రముతో ఒంటరిగా నుండును. ఇసుక వచ్చినది గాని ప్రక్కవాడు ఇంకను రాలేదు.

ప్రక్కవానిని మరల తరగతిలోనికి తెచ్చినవారిలో హార్వర్డు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్యుడు ఎరిక్ మజూర్ ముఖ్యుడు. తన విద్యార్థులు కఠినమైన లెక్కలు చేయుచున్నను మూలభావములను గ్రహింపలేదని అతడు ఒక పరీక్షవలన తెలిసికొనెను. ఆ పరీక్షలో ఒక విద్యార్థిని, మీరు చెప్పినట్లు వ్రాయుదునా, నాకు తోచినట్లు వ్రాయుదునా యని అడిగినదట. క్యాంబెల్ చిలుక ఇదియే. 1991నుండి మజూర్ అవలంబించిన మార్గము సులభమైనది. కొంత పాఠము చెప్పి, భావమును పరీక్షించు ఒక ప్రశ్న వేయును. ప్రతివాడును ఒంటరిగా ఆలోచించి ఒక సమాధానమును ఎన్నుకొనును. పిమ్మట ప్రక్కవానితో వాదించును. తుదకు మరల ఎన్నుకొందురు. ఈ ఎన్నికకు మొదట చేతులెత్తుటయు, అట్టలు చూపుటయు, తరువాత చేతిలో నిముడు విద్యుత్సాధనములును ఉపయోగపడినవి.

నేటి ఆన్‌లైన్ సాధనములను ఈ వరుసలో నిలిపి చూడవలెను. 2002లో మార్టిన్ డూగియామస్ వెలువరించిన మూడుల్, 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ పాఠ్యవస్తువులను, అభ్యాసములను ఒక్కచోట చేర్చును. నార్వేలో పుట్టి 2013లో ప్రజలకందిన కహూట్ ప్రశ్నోత్తరములను ఆటగా మార్చును. మెంటిమీటర్ అందరి ఎన్నికను క్షణములో పటముగా చూపును. పాడ్‌లెట్ ప్రతివాని వ్రాతను ఒకే గోడమీద అతికించినట్లు కనబరచును. పేర్లు పలు విధములు. పని యొకటే: ఇసుకమీది వ్రాతవలె, అందరి ప్రత్యుత్తరమును ఒకేసారి కంటికి కనబడునట్లు చేయుట. 1991లో యూనికోడు తొలి ప్రమాణమున తెలుగు లిపికి స్థానము లభించుట మనకు మేలైనది. దానివలననే నేటి విద్యార్థి తన ఫోనులో తెలుగున సమాధానము వ్రాయగలుగుచున్నాడు.

6. తెలుగు తరగతినుండి రెండు ఉదాహరణములు

సిద్ధాంతమును అనుభవముతో సరిచూచుట యుక్తము. ఛందస్సు బోధించునపుడు, ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణములనియు యతి పదవ అక్షరమనియు, చంపకమాలకు న జ భ జ జ జ ర గణములనియు యతి పదునొకండవ అక్షరమనియు విద్యార్థులు తడబడక అప్పజెప్పుట నేనెరుగుదును. అర్థమైనదని తలచి చాల యేండ్లు ముందునకు సాగితిని. ఒకనాడు ఫోనులద్వారా, పేర్లు తెలియకుండ సమాధానమిచ్చు ఏర్పాటు చేసి ఒక ప్రశ్న వేసితిని: ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీసిన ఏ వృత్తమగును, అందు యతిస్థానమేల మారును? సమాధానములు తెరమీద పడగానే నాకు కన్నులు తెరిపిడి పడినవి. సగముకంటె ఎక్కువమంది మత్తేభమని ఎన్నుకొనిరి. సరిగా చంపకమాల యన్నవారిలోను పలువురకు యతి ఏల మారునో తెలియలేదు. నేను చేసిన తప్పు నాకు ఆనాడు కనబడినది.

సమాధానము చెప్పక, ప్రక్కవారితో మాటలాడి మరల ఎన్నుకొనుడంటిని. తరగతిలో ఎన్నడును నోరు మెదపని విద్యార్థిని యొకతె, బల్లమీద తాళము వేయుచు తన ప్రక్కవారికి రెండు పాదములను చదివి చూపుచుండెను. గురువునకు పట్టు కాలమున రెండు లఘువులు పలుకుటచేత మొదట నొక అక్షరము పెరిగినదనియు, యతి ఉన్నచోటనే ఉన్నదనియు, మారినది లెక్క మాత్రమే యనియు ఆమె చెప్పినది. రెండవ ఎన్నికలో తరగతి చాలవరకు సరియైన మార్గమునకు వచ్చినది. అంతేకాదు, శార్దూలమునకు పదుమూడవ అక్షరమున నున్న యతి మత్తేభమున పదునాలుగవ అక్షరమగుటకును ఇదియే కారణమని వారే కనిపెట్టిరి. అది నేను చెప్పని పాఠము. ఫోను ఆ పాఠమును చెప్పలేదు. చెప్పవలసిన అవసరమును చూపినది. చెప్పినది ప్రక్కనున్న విద్యార్థిని.

రెండవ ఉదాహరణము పరిశోధక విద్యార్థులకు సంబంధించినది. తెలుగు వికీసోర్సులో పాతగ్రంథముల పుటల ఛాయాచిత్రము ఒకవైపు, యంత్రము చదివిన అక్షరపాఠము ఒకవైపు నుండును. ఒకరు ఆ పాఠమును ఛాయతో పోల్చి దిద్దుదురు. మరియొకరు దానిని సరిచూచి ఆమోదించినగాని పని పూర్తికాదు. యంత్రము ప వ లను, ద ధ థ లను తారుమారు చేయుట గమనించిన విద్యార్థికి, తాళపత్రములలో వ్రాయసకాండ్రు చేసిన పొరపాట్ల స్వభావము ఉపన్యాసముకంటె బాగుగ బోధపడును. పాఠపరిష్కరణము ఇట్లు మాటగా గాక పనిగా అలవడును. ఇచ్చటను సూత్రము మారలేదు: ఒకరి చేయి, మరియొకరి కన్ను.

7. ఉపసంహారము

ఈ చరిత్రనుండి మూడు జాగ్రత్తలు గ్రహింపవచ్చును.

మొదటిది వేగమును గూర్చినది. క్యాంబెల్ చూచిన బడిలో ఉదయము మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. ఆపై వచ్చిన ప్రతివానికి ఒక్కొక్కటి చొప్పున హెచ్చు. త్వరగా మీట నొక్కినవానికి ఎక్కువ గుర్తులిచ్చు నేటి ఆటలు దీనికి దూరపు చుట్టములు. దెబ్బ పోయినది గాని, మెల్లగా ఆలోచించువాడు పట్టికలో అడుగున కనబడుట పోలేదు. కావున సాహిత్యప్రశ్నలకు కాలనియమమును, పేర్ల పట్టికను తొలగించుట మంచిది.

రెండవది అందుబాటును గూర్చినది. ఇసుక అందరి కాళ్ళ క్రిందను ఉండెను. ఫోను అందరి చేతులలో లేదు. 2020లో ఫోను లేనివాడు తరగతికే దూరమయ్యెను. అయితే తరగతిగదిలో ఇది దాటరాని అడ్డు కాదు. ముగ్గురకు ఒక ఫోను చాలును. సమాధానము పంపుటకు ముందు ముగ్గురును ఏకాభిప్రాయమునకు రావలసి యుండుటచేత చర్చ తనంత తానే పుట్టును. అదియు లేనిచోట నాలుగు రంగుల అట్టముక్కలు చాలును.

మూడవది పొదుపును గూర్చినది. లాంకాస్టర్ బడిని చెరచినది పద్ధతి గాదు, దానిచేత ఉపాధ్యాయుల సంఖ్య తగ్గింపవచ్చునను ఆశ. నేడును, ఒక్కసారి చిత్రించిన పాఠము వేయి కళాశాలలకు చాలునను మాట వినబడుచున్నది. ఖాళీలు నింపక తెరలు నింపు ప్రయత్నమును తెలుగుశాఖలవారు ప్రత్యేకముగా కనిపెట్టి యుండవలెను. ఏలయన, తెరమీద తప్పు కనబడినపుడు దానిని చూచి పాఠమును మార్చుకొనువాడు ఒకడు అచ్చట నుండనిచో, ఆ కనబడుటకు ప్రయోజనము లేదు.

బళ్ళారి గురువు పెద్దపిల్లలచేత చెప్పించుచునే బడి యంతటిమీద కన్ను వేసియుంచెనని క్యాంబెల్ వ్రాసెను. ఆ కన్నే బోధనకు ప్రాణము. ఇసుక దానికి ఒకనాటి సాధనము. అంతర్జాలము నేటి సాధనము. మనవద్దనుండి పోయి, మద్రాసు పేరుతో ప్రపంచమును చుట్టి, అమెరికా భౌతికశాస్త్రపు తరగతిలో మరల మొలచిన ఈ పద్ధతిని మనము క్రొత్తదని భయపడుటయు వలదు, క్రొత్తదని మురియుటయు వలదు. రేపటి తరగతిలో ‘అర్థమైనదా?’ అను ప్రశ్నకు బదులు, అందరును సమాధానము వ్రాయవలసిన ప్రశ్న ఒక్కటి వేసి చూచినచో చాలును. తక్కినది విద్యార్థులే చెప్పుదురు.